ఆలస్యానికి కారణం

జహీరాబాద్,
30-7-1979.

చి.ల.సౌ. సంగమ్మకు శరణప్ప దీవించి రాస్తున్నది.

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నీల హైదరాబాదులో క్షేమంగా ఉంది. దగ్గు తగ్గిందని, రెండు పూటలా అన్నం సయిస్తోందని నీ చేతిరాతతో అనంతగిరి దవాఖాన నుంచి కార్డు వచ్చేదాకా మా క్షేమం సగమే అనుకో.

నీల హైదరాబాదులో ఏ కాలేజీలో చేరిందని నువ్వు వెంటనే అడుగుతావు. రాస్తాను. ముందు మిగతావాటికి జవాబు రాయనీ.

అమ్మ కళ్ల సంగతి అడిగావు. మసక అలాగే ఉంది. ఆపరేషన్ మాటెత్తితే "కోడలు ఇంటికొచ్చినంక సూస్తం, ఇప్పుడు ఇద్దరు దవాఖానల పడితె వండేదెవ్వరు" అంటుంది. వంట ఆమే చేస్తోంది. ఉప్పు ఒకసారి వేసింది గుర్తుండక రెండోసారి వేస్తుంది. నేనేమీ అనడం లేదు. బర్రెను మొగుడంపల్లిలో మల్లప్పకు వాటా మీద పాలికిచ్చాను. ఇక్కడ పిండేవాళ్లు లేరు. వానలు పరవాలేదు, పెసర పూతకొచ్చింది. సూదులు ఇంకెన్నాళ్లో డాక్టరుగారిని అడిగి రాయి. నర్సుకు భయపడి అడగకుండా ఉండకు.

ఇప్పుడు నీల సంగతి.

ఇంటర్ ఫస్టు క్లాసులో పాసైందని తెలిసిన వారంలోనే రెండు ఫారాలు తెప్పించానని నీకు రాశాను కదా. ఒకటి ఆబిడ్స్ దగ్గరి వ్యాపార కళాశాలది, ఇంకొకటి కోఠిలో యూనివర్సిటీ ఆడపిల్లల కాలేజీది. మొదటిది మా షావుకారు గురులింగప్పగారు చెప్పారు. తన మేనల్లుడి ఆఫీసులో లెక్కలూ టైపూ వచ్చిన మనిషి కావాలట. "రెండేండ్లల్ల పిల్ల నౌకరిల కూసుంటది శరణప్పా, ఇంకేం గావాలె నీకు" అన్నారు.

దుకాణం పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు రెండూ చూసి వచ్చాను. ఆ కళాశాల బట్టల దుకాణం మీద మూడో అంతస్తులో ఉంది. మెట్లెక్కుతుంటేనే టైపు మిషన్ల చప్పుడు రేకుల మీద వానలా వినిపించింది. ప్రిన్సిపాల్ మర్యాదగా కూర్చోబెట్టి, లెక్కలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, వ్యాపార చట్టం తప్ప పనికిరాని చదువు తమ దగ్గర లేదన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. కోఠిలో పెద్ద పెద్ద స్తంభాలు, ఇంత ఆవరణ. మెట్ల మీద ఆడపిల్లలు కూర్చుని చదువుకుంటున్నారు. బి.ఏ. అయ్యాక ఏం నౌకరి వస్తుందని అక్కడి గుమాస్తాను అడిగాను. "గది పిల్లనుబట్టి ఉంటది పెద్దాయినా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

ఖర్చు చూస్తే యూనివర్సిటీలో ఫీజు తక్కువే, కానీ మూడేళ్లు. హాస్టలు, పుస్తకాలు కలిపితే ఎక్కువే అవుతుంది. అవతల ఫీజు ఎక్కువైనా రెండేళ్లతో అయిపోతుంది, ఆ తర్వాత జీతం.

నీల మాత్రం ఎకనామిక్సే చదువుతానంది. నాలుగు రోజులు నాతో వాదించింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని అడిగింది: "నాయినా, పోయినేడు కందుల ధర ఎందుకు పడ్డది?"

"ఎందుకంటె? పడ్డది, అంతె" అన్నాను.

"నువ్వు పద్దెనిమిదేండ్ల సంది షావుకారు దుకాణంల ధరలు రాస్తున్నవు. ఎందుకు పెరుగుతదో, ఎందుకు పడతదో నీకు ఎవ్వరు చెప్పలే. నాకు రాసుడు ఒక్కటె వద్దు. తెలుసుకోవాలె."

అమ్మ "తండ్రితోని గట్లనా మాట్లాడేది" అని కసిరింది. అది నన్ను తక్కువ చేసి అన్న మాట కాదు, నిజమే. కానీ ఆ పూట మధ్యలోనే చెయ్యి కడుక్కున్నాను.

ఐదో రోజు నుంచి నీల వాదించడం మానేసింది. ఆబిడ్స్ కాలేజీ ఫారం నింపి సంతకం పెట్టి ఇచ్చింది. రెండో ఫారం కూడా నింపే ఉంది. దాన్ని నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆమె ఎందుకు ఊరుకుందో కింద రాస్తాను.

పోయిన ఉత్తరంలో నువ్వు నన్ను రెండుసార్లు అడిగావు, "నీలను యూనివర్సిటీలో చేర్చిన్రా, ఆఖరు తారీఖు దాటలేదు గద" అని. ఆ ఉత్తరం పోస్టుమ్యాన్ వీరప్ప పగటిపూట ఇంటికి తెచ్చాడు. నేను దుకాణంలో ఉన్నాను. వాళ్లవ్వ చదవమంటే నీల పైకి చదివి వినిపిస్తోంది. నేను అన్నానికి వచ్చి గడపలో చెప్పులు విడుస్తుంటే ఆ ముక్క చదువుతోంది: "నా మందులకని పిల్ల చదువు తగ్గియ్యకున్రి. అది అడిగిందే చదివియ్యిన్రి."

అక్కడ ఆగిపోయింది. కాగితం మీద నుంచి తల ఎత్తి నన్ను చూసింది.

"నాయినా, అమ్మ కామర్సే చదువుమన్నదని చెప్పినవు గద."

సంగమ్మా, నేను చేసిన పని ఇదే. ఐదో రోజు పొద్దున పిల్లకు నీ పేరు చెప్పాను. "మీ అమ్మ నాకు వేరుగ రాసింది, తొందరగ నౌకరి వచ్చే చదువే చదువుమన్నది, నిన్ను బాధ పెట్టుడు ఇష్టంలేక నీకు రాయలే" అన్నాను. నువ్వు మంచాన ఉన్నావు. నీ మాట అంటే అది కాదనదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అది "అమ్మ అన్నదా" అని ఒక్కసారి అడిగి, బావి దగ్గరికి బిందె తీసుకుని వెళ్లిపోయింది. తిరిగొచ్చి సంతకం పెట్టింది.

ఆరోజు గడపలో అమ్మే "ఏంరా శరణూ, నిజమేనా" అంది. తల ఊపాను. ఆమెకు సరిగా కనబడదు కదా, మళ్లీ అడిగింది. అప్పుడు నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

నీల ఏడవలేదు. "యూనివర్సిటీ ఫారం ఏడున్నది?" అంది. జేబులోంచి తీసి ఇచ్చాను. చెమటకు మడతలు మెత్తబడిపోయాయి. అప్పటికి ఆఖరు తారీఖు దాటి రెండు రోజులైంది.

మర్నాడు తెల్లవారి బస్సుకు ఇద్దరం వెళ్లాం. కోఠిలో కిటికీ దగ్గరి గుమాస్తా తారీఖు చూసి ఫారం వెనక్కి తోశాడు. మేము కదలకపోతే లోపలి సూపరింటెండెంటమ్మ దగ్గరికి పంపాడు. నడివయసు మనిషి, లావు కళ్లద్దాలు. "సీట్లు కొన్ని ఉన్నాయి. ఆలస్యానికి కారణం రాసి దరఖాస్తు పెట్టండి. ప్రిన్సిపాల్‌గారు ఒప్పుకుంటే లేటు ఫీజుతో తీసుకుంటాం" అని తెల్ల కాగితం ఇచ్చింది.

వరండాలో బల్ల మీద కాగితం పెట్టుకున్నాను. నీల పక్కన నిలబడి మెల్లగా అంది: "అమ్మకు పానం బాగలేదని రాయి నాయినా. దవాఖానల ఉన్నదని రాయి. అది అబద్ధం గాదు గద."

"మీ అమ్మ పేరు ఒకసారి వాడుకున్న బిడ్డా. ఇగ సాలు" అన్నాను.

నా జీవితంలో ఎన్ని కాగితాలు రాశానో లెక్కలేదు. ఆ రెండు వాక్యాలకు పట్టినంత సేపు దేనికీ పట్టలేదు. "అమ్మాయి సమయానికే ఫారం నింపి ఇచ్చినది. తండ్రినైన నేను దానిని పంపక నా వద్దనే ఉంచుకున్నాను" అని రాసి సంతకం పెట్టాను.

సూపరింటెండెంటమ్మ చదివింది. మళ్లీ చదివింది. "ఎందుకు ఉంచుకున్నారు?" అని అడిగింది.

నీ మందులు, గురులింగప్పగారి మాట, ఆడపిల్ల ఒంటరిగా పట్నంలో ఉండటం, చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. "అలిసిపోయిన అమ్మా" అన్నాను. "రెండేండ్లయితే మొయ్యగలుగుత అనిపించింది. మూడేండ్లంటె భయమైంది."

నీల నా వైపు చూడలేదు. గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ నిలబడింది. సూపరింటెండెంటమ్మ కాగితం తీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. గంటకు పైగా కూర్చోబెట్టింది. వచ్చి, స్టాటిస్టిక్స్ ఉన్న గ్రూపు నిండిపోయిందని, చరిత్రతో కలిసిన ఎకనామిక్సులో సీటు ఉందని చెప్పింది. నీలకు కావలసింది మొదటిదే. నేను ఫారం దాచకపోతే దొరికేదే. "తీసుకుంట మేడం" అంది వెంటనే, ఇంకెవరో తీసుకుపోతారన్నట్టు.

హాస్టల్లో దసరా దాకా జాగా లేదు. అప్పటిదాకా కాచిగూడలో మీ పిన్ని కూతురు మనోరమ ఇంట్లో ఉంటుంది. మనోరమ మంచిగానే ఉంచుకుంది, ఫికర్ చేయకు. వంటలో సాయం చేస్తూ కాలేజీకి వెళ్లివస్తోంది. స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాం, వచ్చేదాకా వచ్చినట్టు కాదు. గురులింగప్పగారు నాతో పనిమాటలు తప్ప మాట్లాడటం లేదు. నౌకరి తీసేయలేదు, అది చాలు. నీకు పంపే పండ్లకూ పాలకూ మాత్రం ఏమీ తగ్గించను. ఆ విషయంలో నాతో వాదించకు.

మూడేళ్లు ఎలా గడుస్తాయో నాకు తెలియదు. ఆ అలసట ఇంకా పోలేదు సంగమ్మా. నిజం చెబితే తీరిపోతుందనుకున్నాను, తీరలేదు. అయితే పొద్దున లేచి చొక్కా తొడుక్కుంటుంటే జేబు తడుముకోవలసిన పని మాత్రం లేదు.

నేను తిరిగి వచ్చేరోజు నీల గౌలిగూడ బస్టాండుదాకా వచ్చింది. మనోరమ కట్టిచ్చిన రొట్టెలు కిటికీలోంచి అందించి "పైలంగ పో నాయినా, అవ్వను నేనడిగిన్నని చెప్పు" అంది. బస్సు కదిలేదాకా నిలబడింది. ఆరోజు గడపలో నన్ను చూసినప్పటి నుంచి ఈరోజు వరకు ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. అంటే ఓర్చుకునేవాణ్ణి. అననందుకు ఓర్చుకోలేకుండా ఉన్నాను.

వచ్చే ఆదివారం అనంతగిరి వస్తాను. ఈ ఉత్తరం చదివాక నీ మనసులో ఏముందో కార్డు మీద రాయవద్దు, ఎదురుగా చెప్పు. డాక్టరు గట్టిగా మాట్లాడవద్దన్నాడని తెలుసు. మెల్లగానే, నీకు ఓపికున్నంత సేపు, నువ్వైనా నన్ను తిట్టు.

ఇట్లు,
నీలాంబిక నాయిన,
శరణప్ప.