పదహారో గంట దగ్గర గాటు

అన్నా,

ప్రెస్ మిషన్ నిన్ను మింగి ఇవాళ్టికి ఏడాది. నీ బదులంటూ నాచారంలోని నీ ఫ్యాక్టరీవాళ్లే నాకు ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయో లెక్క తేల్చమన్నారు.

వయసు, అనుభవం, మిషన్ అందరికీ ఒకటే అనుకుని, డ్యూటీ గంటలు మాత్రం పెంచుకుంటూ పాత డ్యూటీ రికార్డుల మీద కట్టిన కంప్యూటర్ మోడల్‌తో గ్రాఫ్ గీశాను. పది గంటలు దాటగానే ప్రమాదం గీత నిట్టనిలువుగా లేచింది. గ్రాఫ్ అడుగున ఒక్కో డ్యూటీకి, అది ఎన్ని గంటలు సాగిందో అక్కడ, ఒక్కో చిన్న గాటు పడుతుంది. పదహారో గంట దగ్గర ఒకే ఒక్క గాటు ఉంది. అది నువ్వే.

మేనేజర్ చూసి, "పన్నెండు కాడ గ్రాఫ్ కట్ జెయ్యమ్మా. గా అవుతల ఒక్కడే గదా ఉన్నది" అన్నాడు.

ఒక్కడట! "రిలీవర్ రాలే, జర ఆగు" అని ఆ రోజు నిన్ను రెండో షిఫ్టుకు ఆపిన నోరే అది. సిగ్గుండాలి.

నేను కట్ చేయలేదు. ఉప్పల్‌లో పెద్ద ప్రింటు తీయించి, నీ గాటు పక్కన నీ పేరు రాసి, ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు మిషన్ పక్కన అంటించాను. పొద్దున షిఫ్టువాళ్లు వేలిముద్ర వేసే ముందు నీ గాటు మీద వేలు పెడుతున్నారు.

ఆ మేనేజర్‌ని ఇప్పుడొచ్చి చింపమను, చూస్తాను.

నీ చెల్లెలు