మావయ్య పెట్టిన కొత్త బట్టలు

రెడ్డిగూడెం, 2 జూన్ 1985, ఆదివారం రాత్రి

సెలవు అయిపోయింది, రేపు సాయంత్రమే కువైట్ ప్రయాణం. వచ్చిన రోజే మావయ్య చేతిలో డబ్బు పెట్టి, వానలొచ్చేలోగా ఇంటికి కొత్త తాటాకు కప్పించుకోమన్నాను. ఇవాళ ఆయన ఆ డబ్బుతో నూజివీడులో నాకు ప్యాంటూ చొక్కా కుట్టించి తెచ్చాడు!

ఒళ్లు మండింది. "నేనిచ్చింది ఇంటికి కదా మావయ్యా!" అన్నాను.

"అల్లుడికి బట్టలు పెట్టకుండా ఎట్టా పంపమంటారండీ? మామిడితోట కూలి ఇంకా చేతికి రాలేదు" అన్నాడు తలొంచుకుని.

వేసుకుని చూసి, విప్పి దండెం మీద వేశాను.

ఇందాక జల్లు పడి ఇల్లంతా కారింది. అత్తయ్య తన పక్కబట్టలు వదిలేసి, ముందు నా కొత్త చొక్కా తీసి పెట్టెలో దాచింది.

పొద్దున్నే బండెడు తాటాకు నేనే తోలించాలి. మళ్లీ డబ్బు చేతికిస్తే ఈసారి బూట్లు కొనేస్తాడు.