ఆమేన్ అన్నాక తేట

1992 జనవరి, బుధవారం రాత్రి

కళ్ళ డాక్టర్ ఇవాళ నా కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టినాడు. తీసి చూస్తే పొడిగానే ఉంది. "డ్రైవరు గారూ, మీ కంట్లో తడి సరిపోవట్లేదు. అందుకే చూపు మసకేస్తోంది," అన్నాడు.

రైలింజన్ మీద ఉన్నంతసేపూ సిగ్నల్ తప్పిపోతాదేమోనని రెప్ప వెయ్యడమే తగ్గించేసినాను. అదే గొప్పనుకున్నాను. రెప్ప వేస్తేనే కన్ను తడుస్తాదట. ఇన్నేళ్ళూ ఎర్రా పచ్చా చూసింది ఆ పల్చటి నీటిపొరలోంచేనా?

వచ్చే నెల మెడికల్ టెస్టు. తప్పితే నన్ను ఇంజన్ మీంచి దింపేస్తారు.

ఇంకో సంగతి. రోజూ ప్రార్థనలో కళ్ళు మూసుకుని, ఆమేన్ అని తెరవగానే బైబిల్ అక్షరాలు తేటగా కనబడేవి. కాసేపటికి మళ్ళీ అలుక్కుపోయేవి. దేవుడి మహిమ అనుకున్నాను. కళ్ళు మూస్తే తడి చేరతాది, అంతే అన్నాడు డాక్టర్.

ఇంటికొచ్చి సిగ్గుపడుతూనే మా ఆవిడకి చెప్పినాను. ఆవిడ నా కంట్లో మందు చుక్కలు వేస్తూ, "మరి కళ్ళు మూసుకోమన్నది ఎవరేటి?" అంది.

ఇప్పుడు రాస్తూ కాసేపు కళ్ళు మూసి తెరిచినాను. అక్షరాలు కడిగినట్టున్నాయి. ప్రార్థనేమీ చెయ్యలేదు. అయినా ఆమేన్ అన్నాను.