మూఢంలో దొరికిన తీరిక

దిల్‌సుఖ్‌నగర్,
ఆదివారం.

చిరంజీవి అంబికకు అమ్మ దీవెనలు. నేను, నాన్న బాగున్నాం. నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి నా కోడిగీతలు చదివే శిక్ష నీకు తప్పదు.

డౌన్‌టైమ్ అంటే ఏమిటో తెలుసుకుని, మన ఇంటి సంగతితో ఒక వాక్యం రాసి తెమ్మని మీ టీచరమ్మ అన్నారని రాశావు. ఎదురింటి సాయినాథ్‌ను అడిగాను. ఎల్‌బీ నగర్‌లో కంప్యూటర్ల ఆఫీసులో పని కదా అతనికి. "కంప్యూటర్లు ఆగిపోయి పని నడవని టైమును గట్ల అంటరు అత్తమ్మా. మనిషి పని పక్కకు పెట్టి జర తీరిగ్గా కూసున్నా గదే మాట" అన్నాడు. ఇంతేనా! మా మగ్గం పనివాళ్లకు మూఢం వస్తే జరిగేది అదే కదా. ముహూర్తాలు ఉండవు, పెళ్లి రవికలు రావు. నెల రోజులుగా మా షాపులో మగ్గాలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. ఇదే రాసుకో. మీ టీచరమ్మ మెచ్చుకోకపోతే నన్నడుగు.

కళ్లు ఎలా ఉన్నాయని మళ్లీ అడిగావు. బాగున్నాయని పోయినసారి రాసింది అబద్ధం. మూడు నెలలుగా గుడ్డ మీద గీసిన గీత మసకగా కనిపించేది. ఒక పెళ్లికూతురి రవికకు మామిడిపిందెలు గీత తప్పించి కుట్టాను. షాపు ఓనరు అండాలమ్మ తనే విప్పి మళ్లీ కుట్టింది. సిగ్గుతో చచ్చిపోయాను. మీ అమ్మమ్మకు పోయినట్టే నాకూ చూపు పోతుందని భయం. సీజన్లో సెలవు అడగలేకపోయాను.

మూఢం పడ్డాక అండాలమ్మే పట్టుబట్టింది. "ఇప్పుడు గూడ పోకపోతే ఇంకెప్పుడు పోతవే? నడువు" అని మలక్‌పేట దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ అన్నీ చూసి నవ్వింది. "నలభై దాటినయి గదమ్మా, చత్వారం. అద్దాలు పెట్టుకో, సాలు" అంది. అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను. "మంచి మాట చెప్తే ఏడుస్తవేందే" అని అండాలమ్మ తిట్టింది.

ఇంకొకటి దాచాను బిడ్డా. నాకు చూపు పోతే నా మగ్గం ముందు నిన్ను కూర్చోబెట్టాలనుకున్నాను. నిన్ను ఇంటికి పంపించమని మీ ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాసి, పర్సులో పెట్టుకుని తిరిగాను. నాన్నకు కూడా చెప్పలేదు. దవాఖాన మెట్లు దిగుతూ దాన్ని చింపేశాను. నిన్ను ఒక్క మాట అడగకుండా నీ చదువు ఆపబోయాను. కోపం వస్తే తిట్టు, పడతాను.

నా మగ్గం ముందు నేనే కూర్చుంటాను. నువ్వు పరీక్షలన్నీ రాశాకే ఇంటికి రా.

ఇట్లు,
కొత్త కళ్లద్దాల మీ అమ్మ,
యాదలక్ష్మి