వన్ బై టూ చాయ్

ఆదివారం రాత్రి

యూసుఫ్‌తో సినిమా చూసొచ్చాను. జబ్బుతో చావు దగ్గరపడినవాడూ, వాడి దోస్తూ చేసే అల్లరి కథ. "చావు మీద నవ్వులాటేంది?" అని బయట ఎవరో కోప్పడుతున్నారు. అలాంటి జబ్బే ఉన్న యూసుఫ్ మాత్రం హాల్లో పడిపడి నవ్వాడు.

యాకుత్‌పురా హోటల్లో వన్ బై టూ చాయ్ చెప్పి, ఎలా ఉందని అడిగాను.

"ఆ దోస్తు మస్తు నచ్చిండు భాయ్. ఆఖరిదాంక తిట్టిండు. నువ్వేమో నాకు బీమారి వచ్చినకాడి నుంచి మెహమాన్ లెక్క చూస్తున్నవ్."

నిజమే, ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టే చూస్తున్నాను. ఎక్కువ చాయ్ పడిన కప్పు కోసం ఎప్పుడూ కొట్లాడుకునేవాళ్లం. ఈమధ్య దాన్ని వాడివైపే జరుపుతున్నాను. ఇవాళ లాక్కుని తాగేశాను.

ఇంటిదాకా తిడుతూనే వచ్చాడు. ఎన్నాళ్లకో ఇంత హాయి! ఒక్కటే ఫికర్. వాడు లేని రోజు ఆ హోటల్లో ఫుల్ చాయ్ చెప్పడానికి నాకు నోరు రాదు.