వెనక వరసకి అందిన మాట

దరియాలతిప్పలో నాన్నకి, ఢిల్లీ నుంచి మార్తమ్మ వందనాలు.

నాన్నా, నేను కులాసా. నీ దగ్గు, అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోనులో నేనెంత అరిచినా నీకు సగమే వినపడుతుంది. మిగతా సగానికీ నువ్వు ఊఁ కొట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

ఇక్కడ చలి మొదలైంది. పెదవులు పగిలి నవ్వాలంటే భయంగా ఉంది. బళ్ళో చిన్నపిల్లలు మాత్రం ఈ టీచరు హిందీ విని నవ్వుతూనే ఉన్నారు. తిండికి లోటు లేదు, బెంగపడకు. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు పంపించు. మూట గట్టిగా కట్టించు, నా గదిలో ఉండే పిల్లకి ఆ వాసన పడదు.

మొన్న ఆదివారం జామా మసీదు చూడ్డానికి ఒక్కదాన్నే వెళ్ళాను. పాదుషాల నాటిది. ఎర్రరాతి మెట్లెక్కి పైకి వెళితే మూడు తెల్ల గుమ్మటాలు, వాటికి నిలువునా నల్ల చారలు. అంత బరువుని దూలమన్నది లేకుండా కమానులే ఎలా మోస్తున్నాయా అని మెడ నొప్పెట్టేదాకా చూశాను. లోపల నేలమీద ఒక్కొక్కరికీ ఒక్కో చాప పరిచినట్టు తెల్లరాతిలో నల్ల గీతలున్నాయి. చెప్పులు బయటే వదిలాను, చున్నీ నెత్తిన ఉంది. మన చర్చిలో ఆడవాళ్ళు కూర్చునేది ఎడమవైపే కదా, అదే అలవాటున ఎడమవైపుకెళ్ళి ఒక గీతలో చక్కగా కూర్చున్నాను. చుట్టూ మగవాళ్ళు చేరేదాకా నా పొరపాటు తెలియలేదు.

ఒక ముసలాయన వచ్చి, "నమాజు వేళవుతోంది బేటీ, ఇది మగవాళ్ళ చోటు," అన్నాడు. సిగ్గుతో చచ్చాను. ఆయన కోప్పడలేదు, బయటికి తనే తీసుకొచ్చాడు. అక్కడ ఆవరణలో ఎత్తుగా ఒక రాతి అరుగు కనిపిస్తే ఎందుకని అడిగాను.

"మైకులు లేని రోజుల్లో ఇమాము గొంతు ఇంత దూరం వచ్చేది కాదు. ఒక మనిషి దానిమీద నిలబడి ఆ మాటే మళ్ళీ గట్టిగా అనేవాడు. వెనకవాళ్ళూ అందరితోపాటే వంగేవారు," అన్నాడు.

అంత గొప్ప కట్టడం కట్టినవాళ్ళు వెనక వరసలో వినపడనివాణ్ణి మరిచిపోలేదు నాన్నా. అక్కడే నువ్వు గుర్తొచ్చావు, ఏడుపొచ్చింది.

అమ్మ అంతా చెప్పింది. "అందరూ ఆమెన్ అనేశాక మీ నాన్నొక్కడే గట్టిగా అన్నాడే. జనం నవ్వేరు. అప్పట్నుంచి చర్చికి రానంటన్నాడు. పక్కనుండి చెబుదావంటే నేనా, ఆడాళ్ళ వైపుంటాను," అంది.

బోటు ఇంజను మోతకి పోయిన చెవులవి, అందులో నీ తప్పేముంది? మామ్మకి వినపడనప్పుడు నువ్వేం చేశావు? ఆడవాళ్ళ వైపుకొచ్చి, ఆవిడ పక్కన చతికిలబడి, పాస్టరు గారి ప్రతి మాటా ఆవిడ చెవిలో మళ్ళీ చెప్పావు. నువ్వు చెవిలో చెప్పేది గుమ్మం దాకా వినపడేది. అప్పుడూ జనం నవ్వారు, నువ్వు లెక్కచెయ్యలేదు.

ఈ ఆదివారం అమ్మని మగవాళ్ళ వైపు నీ పక్కన కూర్చోబెట్టుకో. ఎవరేమన్నా అంటే, మా అమ్మాయి ఢిల్లీ మసీదులోనే మగవాళ్ళ చోట కూర్చుని వచ్చిందని చెప్పు. అమ్మ గొంతు చిన్నదని సాకు పెట్టకు. ఇన్నేళ్ళు నీతో కాపురం చేసిన గొంతది, నీకు వినపడేలా చెప్పడం దానికి తెలుసు.

పాస్టరు గారికి, మెట్టకూరు అత్తకి నా వందనాలు చెప్పు. ప్రార్థనలో నన్ను తలుచుకో. ఈసారి ఆమెన్ మాత్రం అందరితోపాటే అను.

నీ కూతురు,
మార్తమ్మ