ఉద్దనపల్లి స్టాపులో నీ సైకిలు

నాయనా,

నీ పెద్దకర్మ ముగిశాక, ఈరోజు ఉద్దనపల్లి స్టాపుకు వెళ్లి నీ సైకిలు తెచ్చాను. హోసూరు డ్యూటీకి బస్సెక్కుతూ నువ్వు కరెంటు స్తంభానికి కట్టిన చోటే ఉంది. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ అది గుర్తే రాలేదు. లావు గొలుసు రెండు చక్రాలనూ ఫ్రేమునూ చుట్టుకుని అలాగే ఉంది.

వానకు తడిసి తాళం బిగుసుకుపోయింది. గట్టిగా లాగుతుంటే టీ కొట్టులోంచి ఒకామె వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"ఎవురమ్మా నువ్వు? ఈ సైకిలు నీది కాదే."

"మా నాయనది."

"మొన్న ఒగడు సైకిలాయప్ప తమ్ముణ్ణని చెప్పి రంపం తెచ్చినాడు. నేను అరిస్తే పారిపోయినాడు. ఆయప్పనే రమ్మను, ఇస్తాను."

బస్సు కోసం నిలబడ్డవాళ్లు చుట్టూ చేరారు. ఒకాయన నా ఫోటో తీశాడు. తాళంచెవి చూపిస్తే, అదీ కొట్టేసిందేమో అన్నాడు ఇంకొకాయన. నాకూ ఆమె మీద అనుమానమే వచ్చింది. సైకిలు తనే ఉంచుకోవాలని చూస్తోందేమో అనుకున్నాను.

"ఆయప్ప యాడ?" అని మళ్లీ అడిగింది.

"పోయినాడమ్మా. ఈడ సైకిలు కట్టిన పొద్దే, డ్యూటీలో గుండె ఆగిపోయింది."

బయటివాళ్లకు ఆ మాట చెప్పడం నాకదే మొదటిసారి.

ఫోనులో మనిద్దరి ఫోటో చూపించాను. ఆమె దాన్నీ, నా ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత కొట్టులోంచి కొబ్బరినూనె తెచ్చి తాళంలో పోసింది. తాళం తెరుచుకుంది.

సీటు మీద దుమ్ము కొంగుతో తుడుస్తూ అంది.

"సాయంత్రమైతే బస్సు దిగేటోళ్లనంతా చూస్తా ఉంటినమ్మా."